పల్లకి దిగి ఆత్మకూరు సంతలోకి

మా ముత్తాత ఉదయగిరి కోటలో ఉగ్రాణాధికారి. కోటలోని ప్రతి మనిషికీ, ప్రతి గుర్రానికీ గింజ ఆయన చేతి మీదుగానే వెళ్లేది. ఆయన తరువాత ఆ తాళపుచెవుల గుత్తి మా తాత మొలకు చేరింది. మా తాత ఉండగానే కుంఫిణీవారు జాగీరు తీసేసుకున్నారు. అప్పుడు కొట్ల తలుపులు తెరిచి చూస్తే ఎలుకలు తప్ప ఏమీ లేవని ఊళ్లో ఒక మాట ఉంది. అది అబద్ధం. మూడు కొట్ల నిండా జొన్నలున్నాయి. మా వంశాన్ని ఏమైనా అనవచ్చు గాని, ఖాళీ కొట్టుకు తాళం వేసిందని మాత్రం అనకూడదు.

నా కాలానికి తాళాలు వేయడానికి ఏమీ మిగల్లేదు. కరువు రెండేళ్లలో చెరువు కింద పొలం బీడు పడింది. వానలు వచ్చిన మరుసటి ఏడు ఆత్మకూరు తాలూకా కచేరీలో రాతపని దొరికింది. నన్ను పెంచిన మా అవ్వను, నా భార్యను తీసుకుని బయలుదేరాను. ఒక బండిలో మనుషులం, ఇంకో బండిలో పల్లకి. చోటు చాలక రుబ్బురోలు ఉదయగిరిలోనే వదిలేశాము.

మా ఇంట్లో మగవాడు అంగడి మెట్టెక్కే ఆచారం లేదు. సరుకే మా గుమ్మం దగ్గరికి రావాలి. వర్తకుడు తట్ట దించి, నమూనా చూపించి, మేము తల ఊపితే లోపలికి పంపాలి. అందుకని ఆత్మకూరు చేరిన మర్నాడు అరుగు మీద కంబళి పరిపించుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. రెండో రోజూ కూర్చున్నాను. మూడో రోజు ఒకడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"అయ్యా, ఇటుపక్క నల్లమేక ఏదన్నా వచ్చిందా?" అన్నాడు.

ఇంట్లో ఉన్న మూటలు అడుగంటాయి. పక్కింటివాళ్లు పంపిన బియ్యం అవ్వ ముట్టలేదు. మజ్జిగ తాగి పడుకునేది. డెబ్బై దాటిన మనిషి. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. నాలుగో రోజు నన్ను పిలిచి చెప్పింది.

"అబ్బయా, బండివాడితో మాట్లాడినాను. రెండు సంతలు చూస్తా. మూడో సంతనాటికి బండి వాకిట్లో ఉండాల. నోటికి హితవైన ముద్ద లేని ఊళ్లో నేనుండలేను. ఉదయగిరికి పోతా."

ఉదయగిరిలో ఏముంది? వానలకు రెండు గదులు కూలిపోయాయి. దప్పికైతే నీళ్లిచ్చే మనిషి లేదు. ఆమె అక్కడికి పోవడమంటే ఏమిటో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అలాగని ఆమె మాట మీద మాట చెప్పే ధైర్యం మా తాతకే ఉండేది కాదు.

సంత రోజు నలుగురు బోయీలను పిలిపించాను. మా పాత బోయీలు కరువులో ఎటు పోయారో తెలియదు. ఈ నలుగురూ ఇంతకుముందు కలిసి ఒక్కసారైనా పల్లకి మోసినవాళ్లు కాదు. ముందు ఇద్దరు పొడుగు, వెనక ఇద్దరు పొట్టి. పల్లకి వెనక్కి ఒరగడంతో నేను వెల్లకిలా వాలిపోయి, ఆకాశం వైపు చూస్తూ, వీపు నిటారుగా ఉంచుకోవడానికి పెనుగులాడుతూ సంతలో ప్రవేశించాను.

ఉల్లిగడ్డల వరసలో దారి సన్నమైంది. పల్లకి ఇరుక్కుంది.

"ఎవురికి జబ్బు?" అని ఒక ఆడమనిషి అడిగింది.

"జబ్బు గాదు, సరుకులకంట," అన్నాడు ముందు బోయీ.

"కాళ్లు లేవా?"

"ఉండాయి. ఇందాక చూసినా."

నేను దిగలేదు. బెత్తంతో చూపించాను. బియ్యం అన్నాను, చింతపండు అన్నాను, ఇంగువ అన్నాను. అంగళ్లవాళ్లు ఎంతో మర్యాదగా మూటలు కట్టి లోపలికి అందించారు. ఇంత సులువైన పనికి ఇంతకాలం ఎందుకు దిగులుపడ్డామా అనుకున్నాను.

నా భార్య వండి వడ్డించింది. అవ్వ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మెల్లగా నమిలి, విస్తరిని ముందుకు తోసింది.

"మొన్న కోసిన వడ్లు. సున్నం ముద్దయింది. ఈ ఇంగువలో పిండి తప్ప వాసన లేదు. ఎట్ల చూసి తెచ్చినావు?"

"పల్లకిలోకి తెచ్చి ఇచ్చారు."

"చెయ్యి పెట్టి చూడలేదా?"

"మన ఇంట్లో ఆ ఆచారం లేదు గదా అవ్వా."

అవ్వ చెయ్యి కడుక్కుని నా వైపు తిరిగింది. "ఎవురు చెప్పినారు నీకు? మా మామ, అంటే నీ ముత్తాత, కోటలోకి బండి వస్తే చెప్పులు విడిచి ఎదురుపోయేవాడు. మూటలో మోచేతి దాకా చెయ్యి దించేవాడు. అడుగున వెచ్చగా ఉంటే చెమ్మ తగిలినట్టు, బండి వెనక్కే. నాలుగు గింజలు పంటి కింద వేసుకుని, టక్కుమంటే పాతవి, అంటుకుంటే కొత్తవి అని చెప్పేవాడు. కాపురానికి వచ్చినాక నాకూ అట్లనే నేర్పినాడు. ఎప్పుడు జూసినా మీసాల నిండా ఊక."

"మరి పల్లకి?"

"పల్లకా? జాగీరు పోయినాక కోట సామాన్లు అమ్ముతుంటే మీ తాత కొన్నాడు. తాళాలు పోయినాయి, ఇంక నడిచిపోతే ఎవురు దండం పెడతారని. మీ ముత్తాత దాంట్లో ఒక్కనాడన్నా కాలు పెట్టలేదురా."

పుట్టినప్పటినుంచీ ఆ పల్లకి మా ఏడు తరాలను మోసిందని అనుకుంటున్నాను. ఆ వారమంతా కచేరీలో రాస్తూ రాస్తూ నా కుడి మోచేయి వైపు చూసుకున్నాను.

రెండో సంతకు కాలినడకన వెళ్లాను. చెప్పులు ఇంట్లోనే విడిచాను. మొదటి బియ్యపు మూట ముందు ఆగి, చుట్టూ చూసి, చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి దాకా దించాను.

"ఏంది సామీ, ఉంగరం పడిపోయిందా?" అన్నాడు అంగడి శెట్టి.

"అడుగున వెచ్చగా ఉందే."

శెట్టి ముఖం మారింది. పక్కకు చూశాడు. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం ముప్పై ఏళ్లలో ఏ పల్లకీ ఇవ్వలేదు. రెండో మూటలో దించాను, మూడోదాంట్లో దించాను. మా ముత్తాత మోచేయి నా చొక్కాలోనే ఇన్నాళ్లూ ఉందని నాకేం తెలుసు? ఎనిమిదో మూటలో చల్లగా, పొడిగా, ఇసుకలాగా జారిపోయే గింజలు తగిలాయి. నాలుగు నోట్లో వేసుకున్నాను. టక్కుమన్నాయి. నిరుటి మొలగొలుకుల బియ్యం! కరువు నోటినుంచి వాటిని ఎవరు ఎలా దాచారో అడగలేదు. మూట కట్టించాను.

ఆ తరువాత నన్ను ఆపగలిగినవాడు లేడు. ఇంగువ ముక్కను నిప్పు మీద పెట్టమన్నాను. భగ్గున మండింది, తుమ్ములు వచ్చాయి, కొన్నాను. బెల్లపు దిమ్మను వేలితో కొట్టి చప్పుడు విన్నాను. సోమశిల నుంచి పెన్న ఇసుకలో కాసిన దోసకాయలు తెచ్చిన ముసలామె ఒకటి కోసి నా చేతిలో పెట్టింది. వెన్న అమ్మే ఆమె నా ముంజేతి వెనక ఇంత పూసి, "నాకి చూడయ్యా, సిగ్గెందుకు," అంది. నాకాను. ఉగ్రాణాధికారి మునిమనవడు ఆత్మకూరు సంత నడిమధ్య నిలబడి తన ముంజేయి నాకాడు. కలిగిరి మిరపకాయ కొరికి కళ్ల నీళ్లతో నవ్వాను. ఎవరో చెంబుతో నీళ్లిచ్చారు. చేతిలో సంచీ లేదు గనుక ఉత్తరీయమే మూటయింది.

చివరి వరసలో ఒకడు కుండలో తేనె పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడిదన్నాను.

"ఉదయగిరి కొండ. రెండు దినాలు నడిచినా."

"కొండకు ఏ పక్క?"

"పడమట. కోటగోడ కింద పట్టు."

కుండతో సహా కొన్నాను.

భుజాన మూట, చంకలో దోసకాయలు, చేతిలో కుండతో వస్తుంటే కచేరీ గుమాస్తా ఒకడు ఎదురయ్యాడు. "ఏంది, ఈ పొద్దు పల్లకి రాలేదా?"

"పల్లకిలో కూర్చుంటే చెయ్యి మూటలో దిగదు," అన్నాను. వీపు నిటారుగానే ఉంది. ఒక దోసకాయ జారి దొర్లిపోతే మాత్రం వంగాను.

ఆ మధ్యాహ్నం అవ్వ విస్తరి ముందు కూర్చుంది. పొడిపొడిగా అన్నం, ఇంగువ వేసిన పప్పు, దోసకాయ పచ్చడి. మొదటి ముద్ద నమిలింది. నేనూ నా భార్యా చూస్తూ నిలబడ్డాము. రెండో ముద్ద. మూడోది. తలెత్తకుండా నా భార్యతో, "ఇంకొంచెం పెట్టు," అంది. తేనె వేలితో తీసి నాలుకకు రాసుకుని కళ్లు మూసుకుంది. "కోటగోడ కిందిది," అంది. ఎక్కడిదో నేను చెప్పనే లేదు.

అయినా బండి మాట ఎత్తలేదు. ఆ వారం నేను సరిగా తినలేదు.

మూడో సంతనాడు పొద్దున్నే బండి వచ్చి వాకిట్లో ఆగింది. "అవ్వా, బండి కట్టినా," అని బండివాడి కేక. అవ్వ ఉతికిన చీర కట్టుకుని బయటికి వచ్చింది. మూట లేదు. చేతిలో ఖాళీ సంచులు రెండున్నాయి.

"సంత దాకా పోనీ," అంది.

"ఉదయగిరి అన్నావే?"

"ఉదయగిరి యాడికీ పోదులే. నువ్వు పోనీ."

"పల్లకి తీయించనా అవ్వా?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"దాంట్లో పడుకుంటే ఆకాశం తప్ప ఏం కనబడతాది? ఎక్కు."

బియ్యం వరస దగ్గర దిగి, నా భుజం పట్టుకుని, గాజులు పైకి తోసుకుని, మొదటి మూటలో మోచేతి దాకా దించింది. పోయిన సంతలో నన్ను ఎగతాళి చేసిన శెట్టే. "ఏందవ్వా, నువ్వూ ఉంగరం పారేసుకున్నావా?" అన్నాడు.

"నీ నిజాయితీ పారేసుకున్నావంట గదా, వెతుకుతుండా," అంది.

వరసంతా నవ్వింది. శెట్టి కూడా నవ్వి, వెనక దాచిన మూట ముందుకు లాగాడు.

ఆ వేసవిలో, పెళ్లిళ్లకు బాడుగకిచ్చే ఒక ఆసామి వింజమూరు నుంచి వచ్చి మా పల్లకిని కొనుక్కుపోయాడు. దిండ్లు, కుచ్చులు దానితోపాటే ఇచ్చాము. మోతకర్ర సంతలో ఇరుక్కున్ననాడే బీటవారి ఉండడంతో దాన్ని విడిగా కట్టెల కింద అమ్మాము.