నాయనమ్మ నమ్మని శకునం

మొన్న మా ఆవిడ ఫోన్ తెచ్చి చూపించింది. ఎక్కడో సముద్రపు ఒడ్డున రెండు బారల పొడవున్న వెండి చేప, తలమీద ఎర్రటి కుచ్చుతో, కొట్టుకొచ్చి పడి ఉంది. ప్రళయం రాబోతోందని కింద వందలమంది దండాలు పెడుతున్నారు. ఫోన్ ఆమె చేతిలో పెట్టేసి బాల్కనీలోకి వెళ్లిపోయాను. చేపకు దండం పెట్టేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ చేప సంగతి నాకు మొదట చెప్పింది మా నాయనమ్మే. నాన్నకు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక, కాకినాడ దగ్గరి పల్లె నుంచి ఆవిడా మాతో ఆ పక్కనున్న ఇంద్రేశం ఊరికి వచ్చేసింది. పాలు పొంగినా, పొంగకపోయినా ఆవిడకు ఏదో ఒక అర్థం ఉండేది. తన చిన్నప్పుడు అలాంటి చేప ఒకటి ఒడ్డుకొచ్చిందనీ, వాళ్ల నాన్న వల పక్కన పడేసి అందర్నీ మెరకకు తరిమాడనీ, మూడోనాడే ఉప్పెన వచ్చిందనీ అన్నం కలుపుతూ చెప్పేది. "అడుగునుండే చేపరా అది. ఊరికే పైకి రాదు," అనేది. మేం నోట్లో ముద్ద మింగడం మరిచిపోయేవాళ్లం.

నేను డిగ్రీ చదువుతున్న ఏడాది, తొలకరి వాన పడ్డ మర్నాడు మా ఊరి చెరువు తెల్లగా కనిపించింది. నురగ అనుకున్నాను. కాదు, చేపలు. బొచ్చెలు, శీలావతులు, పొట్టలు పైకి తేలి, గట్టు పొడవునా. మందు వాసనకు కళ్లు మండాయి. ఆ చేపల మీదే బతికే మా పక్కింటాయన మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, "పెద్దమ్మా, చేపపిల్లలిడిసి ఏడాది గూడ గాలే. అన్నీ పాయె," అన్నాడు నాయనమ్మతో. వాన పడితే ఫ్యాక్టరీ వెనక మురుగు తూము ఎత్తేస్తారని నాన్నే ఒకసారి ఇంట్లో నోరు జారాడు. ఆవిడ ఒక చచ్చిన చేపను తీసి వాసన చూసి ఇంటికొచ్చేసింది.

సాయంత్రానికల్లా ఊళ్లో అరిష్టం అన్న మాట పుట్టింది. ఎవరు పుట్టించారో గానీ, ఫ్యాక్టరీ మేనేజరుకు అదెంత నచ్చిందంటే, శాంతిపూజ తామే చేయిస్తామని కబురు పంపాడు. మర్నాడే షామియానా వేశారు. నాన్న ముందు వరుసలో తలెత్తకుండా కూర్చున్నాడు. నేను పులిహోర వడ్డించాను.

అన్ని శకునాలూ నమ్మే నాయనమ్మ ఈ పూజకు సంబరపడుతుందనుకున్నాం. ఆవిడ స్టీలు బేసిన్ నిండా కుళ్లిన చేపలు మోసుకొచ్చి మేనేజరు ముందు దించింది.

"మా సముద్రం చేప చెప్పడానికొచ్చింది బాబూ. ఇవి చెప్పడానికి రాలేదు. వీటిని మీరు చంపారు. మీ మురుగు వదిలి చంపారు."

ఎవరు చెప్పారని మేనేజరు అడిగాడు. కొడుకు వైపు కన్నెత్తి చూడకుండా, "నా ముక్కు చెప్పింది," అంది.

మేనేజరు నవ్వాడు. "పెద్దావిడ, పాపం," అన్నాడు. నాన్న లేచి ఆవిడ రెక్క పట్టుకుని, "అమ్మా, నా ఉద్యోగం," అని గొణిగాడు. పక్కింటాయన ఒక్కడే, "పెద్దమ్మ చెప్పేది నిజమే గదా! మీకు కండ్లు లేవా?" అని అరిచాడు. పంతులుగారు మైకు దగ్గరికి జరిగి గొంతు పెంచారు.

ఆ తర్వాత సర్కారు నుంచి వచ్చి చెరువు నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. నాన్న ఆ ఫ్యాక్టరీలోనే రిటైరయ్యాడు. పక్కింటాయన రెండేళ్లు చూసి, వల అమ్మేసి, అదే గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. నాయనమ్మ పోయేదాకా నాన్నతో అవసరానికి తప్ప మాట్లాడలేదు.

వయసొస్తే కోపం చల్లారుతుందన్నారు. నాకు యాభై దగ్గర పడుతున్నాయి. ఆనాడు వాళ్ల మీద చూపించాల్సిన కోపం, ఇన్నేళ్లూ నోరెత్తని నా మీదే ముదురుతూ వచ్చింది.