దేవదూతల గుడ్డ, రాక్షసి రెక్కలు

హనుమాన్ జంక్షన్‌లో హైవేకి రెండు వీధుల లోపల మా ఇల్లు. లారీల మోత మాకు వినిపించదు, చెవులకు అలవాటైపోయింది. అమ్మ కుట్టుమిషను మోత ఆగితే మాత్రం ఇంట్లో కరెంటు పోయినట్టుంటుంది. అలాంటిది, కిందటి క్రిస్మస్ వెళ్లాక అమ్మ మిషను మీద దుప్పటి కప్పి, ఆ దుప్పటి మీద ఇస్త్రీ బట్టలు పేర్చడం మొదలుపెట్టింది. అడిగితే నడుంనొప్పి అంది. నేను ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు బామ్ సీసా తెచ్చి, సాయంత్రాలు నడుముకి రాస్తూ ఉండేదాన్ని.

నొప్పి ఒక్కటే కారణం కాదని నాకూ తెలుసు. మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి బట్టలు కుట్టేది అమ్మే. నేను పుట్టకముందు నుంచీ గొర్రెల కాపరులు, జ్ఞానులు, రాజుగారి భటులు, దేవదూతలు అందరూ మా వసారాలోనే తయారయ్యేవారు. నేనూ ఒకప్పుడు దేవదూతనే. కొలతలు తీసుకోవడంలో అమ్మకి ఒక పద్ధతి ఉంది. టేపు పట్టే ముందు పిల్లల్ని రెండు చేతులూ పైకెత్తి నిలబడమంటుంది. ఆ తర్వాత నేలదాకా వంగమంటుంది. "దేవదూత ఊరికే నిలబడదు కదే. చేతులెత్తి స్తోత్రం చేసిద్ది. అప్పుడు చంకలో పట్టేస్తే ఎట్టా" అనేది.

కిందటేడు చర్చి యూత్ పిల్లలు ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "ఇన్నేళ్లూ మీరే కష్టపడ్డారు ఆంటీ. ఈసారి రెస్ట్ తీసుకోండి. విజయవాడలో డ్రెస్సులు అద్దెకిస్తున్నారు" అన్నారు. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. అమ్మ నవ్వి, "మంచిది నాన్నా" అంది. అప్పటికే ఆవిడ వన్‌టౌన్ గుడ్డల మార్కెట్‌కి వెళ్లి దేవదూతల కోసం తెల్ల పాప్లిన్ తాను కొనుక్కొచ్చిందని వాళ్లకి తెలియదు. ఆ తానుని బీరువా అడుగు అరలోకి తోసేసింది.

క్రిస్మస్ రోజున అద్దె దేవదూతలు పాట ఎత్తుకుని చేతులు పైకెత్తారు. అంగీలన్నీ మోకాళ్ల పైకి లేచి నీలం నిక్కర్లు కనబడ్డాయి. చర్చంతా నవ్వింది. నేనైతే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. పక్కన అమ్మ నవ్వలేదు. నాకు అప్పుడే భయం వేసింది.

నా గురించి చెప్పాలంటే, విజయవాడలో ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తాను, రోజూ బస్సులో పోయి వస్తాను, ముక్కు మీద కోపం. జపాన్ వాళ్ల యానిమేషన్ అన్నా, వీడియో గేములన్నా పిచ్చి. పెళ్లీడొచ్చినా బొమ్మలు చూస్తానని అమ్మ నన్ను చుట్టాల ముందు దెప్పుతుంటుంది. అలాంటి పిచ్చి ఉన్నవాళ్లంతా కలిసే సభ ఒకటి విజయవాడలో ఫంక్షన్ హాల్లో పెడుతున్నారని, అందులో వేషాల పోటీ ఉందని ఫోనులో చూశాను. తెలిసిన పాత్రల వేషమే వేయనక్కర్లేదు, సొంతంగా కల్పించుకున్న పాత్ర అయినా ఫరవాలేదట. అంతే, నా కొల్లేటి రాక్షసి పుట్టింది. తలకి కొమ్ములు, ఒంటికి నేలదాకా అంగీ, వీపున ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకునే నల్లరెక్కలు.

కుట్టు రాకపోయినా నేనే కుడదామనుకున్నాను. దుప్పటి తీసి మిషను ముందు కూర్చున్నాను. దారం తెగింది. ఎక్కించాను. మళ్లీ తెగింది. తర్వాత సూది విరిగింది. నాకు ఒళ్లు మండి మిషను కాలు మీద ఒక్క తన్ను తన్నాను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"మిషన్ని తన్నావా?"

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది.

"లే అక్కణ్ణించి."

లేచాను. ఆవిడ కూర్చుని, సూది మార్చి, దారం ఎక్కించి, నేను కుట్టిన దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. "ఇదేంటి?"

"రాక్షసి రెక్క."

అమ్మ చేతిలోంచి గుడ్డ జారింది. "దెయ్యమా? పోయిపోయి నా చేత దెయ్యానికి కుట్టిస్తావా?"

"దెయ్యం కాదమ్మా. కొల్లేట్లో ఉంటుంది. సరస్సంతా చేపల చెరువులకని గట్లు పోసి పక్షులకి చోటు లేకుండా చేసినవాళ్ల మీద పగ తీర్చుకుంటుంది."

అమ్మ జారిన గుడ్డని మళ్లీ ఎత్తుకుంది. "అయితే మంచిదే" అంది.

నేను తెచ్చిన నల్లగుడ్డని వేళ్ల మధ్య నలిపి చూసి, ఇది రెక్కకి నిలబడదని తేల్చేసింది. లేచి గదిలోకి వెళ్లింది. బీరువా తలుపు కిర్రుమనడం వినబడింది. తిరిగి వచ్చేసరికి ఆవిడ చేతుల్లో ఆ తెల్ల తాను ఉంది.

ఆ గుడ్డ అడుగు అరలో ఉన్నంతకాలం, వచ్చే క్రిస్మస్‌కైనా చర్చివాళ్లు పిలుస్తారన్న ఆశ ఆవిడకి ఉన్నట్టే. అది పోతే ఆ ఆశా పోతుంది. ఆశ పోయిన మనిషి మళ్లీ మిషను ముందు కూర్చుంటుందా? నా రెక్కల కోసం అంత పని జరగడం నాకిష్టం లేదు.

"అది వద్దమ్మా. నల్లరంగు వేస్తే మళ్లీ తెల్లబడదు."

"తెలుసు."

పెరట్లో పెద్ద సత్తు గుండిగ పొయ్యి మీద పెట్టి, రంగు మరగబెట్టి, గుడ్డని తనే అందులో ముంచింది. తేలిన చోటల్లా కర్రతో లోపలికి నొక్కింది. ఆవిడ మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు, వంట చేసేటప్పుడు ఎలా ఉంటుందో అలానే ఉంది. నాకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొగ అని చెప్పి పక్కకి జరిగాను.

ఇక ఆ తర్వాత పని పరుగెత్తింది. నాన్న వెదురు బద్దలు చీల్చి ఇచ్చాడు. క్రిస్మస్ నక్షత్రానికి బద్దలు ఎలా కడతామో, అమ్మ రెక్కల్ని అలాగే కట్టింది, ముడుల దగ్గర సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి. కొలతలప్పుడు మాత్రం మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది.

"చేతులెత్తు."

"రాక్షసి స్తోత్రం చెయ్యదమ్మా."

"శాపం పెట్టాలన్నా చేతులెత్తాలిగా. ఎత్తు."

ఎత్తాను. నేలదాకా వంగాను కూడా.

పోటీ రోజు పొద్దున్నే రెక్కలు మడిచి తాడుతో కట్టి, ఇద్దరం విజయవాడ బస్సు ఎక్కాం. మడిచినా అవి రెండు సీట్ల మేర ఉన్నాయి. కండక్టరు వచ్చి వాటిని ఎగాదిగా చూశాడు.

"ఏంటమ్మా ఇవి?"

"రెక్కలండీ" అంది అమ్మ.

"ఆడవాళ్లకి బస్సు ఫ్రీ. మీ ఇద్దరికీ గొడవ లేదు. వీటికి ఏం కొట్టమంటారు?"

"అవీ ఆడవే."

కండక్టరు నవ్వాపుకోలేక ముందుకి వెళ్లిపోయాడు. గన్నవరం దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

హాలు నిండా కత్తులు, తోకలు, రంగురంగుల జుట్లు. అమ్మ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. కాసేపు అందరినీ చూసి, "ఈ పిల్లలందరూ ఏ సంఘమే?" అని అడిగింది. ఏ చర్చి సంఘమూ కాదని చెప్పినా నమ్మలేదు. ఇంత క్రమంగా వరసలో నిలబడ్డారంటే వెనక ఎవరో సండే స్కూల్ టీచరు ఉండే ఉంటుందని ఆవిడ నమ్మకం. ఇంతలో అట్టముక్కలతో రోబో వేషం కట్టుకున్న కుర్రాడొకడు భుజం పట్టీ తెగి, ఊడిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సూదీ దారం తీసి, "ఇట్రా నాన్నా" అని పిలిచి కుట్టేసింది.

నా వంతు వచ్చింది. స్టేజీ ఎక్కి రెక్కలు విప్పాను. ఈలలు పడ్డాయి. నాకు ఒళ్లంతా పొంగింది. జడ్జీల్లో నీలం జుట్టు కుర్రాడు మైకు అందుకుని, "సూపరండీ. మొత్తం మీరే చేశారా?" అని అడిగాడు. వేషం ఎవరు చేశారో నిజం చెప్పాలని పోటీ నియమం. కొమ్ములు నేను చేశానని, మిగతాదంతా మా అమ్మ కుట్టిందని చెప్పాను. "ఆంటీ వచ్చారా? వస్తే స్టేజీ మీదకి రమ్మనండి. ఎలా చేశారో ఆవిణ్ణే చెప్పమందాం" అన్నాడు.

అమ్మ పులిహోర డబ్బా పక్కవాళ్లకి అప్పగించి, కొంగు సర్దుకుని మెట్లెక్కింది. ఆవిడ జన్మలో మైకు పట్టుకున్నది ఒక్క చర్చిలోనే, సాక్ష్యం చెప్పడానికి. దానికి ఒక వరస ఉంది. ముందు అందరికీ వందనాలు చెప్పాలి. తర్వాత తాను ఎలా పడిపోయిందీ, ఎలా లేచిందీ చెప్పాలి. చివర స్తోత్రం. మైకు చేతికొస్తే అమ్మకి వేరే వరస తెలియదు. ఆ సంగతి నాకు గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది.

"అందరికీ ప్రభువు పేరిట వందనాలు" అంది అమ్మ.

పక్కన నేను కొమ్ములతో, నల్లరెక్కలతో, నల్లరంగు పూసుకున్న పెదాలతో. భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అంతలో మధ్య వరసలో మొహానికి ముసుగు కట్టుకున్న అమ్మాయి ఒకతె, అలవాటు కొద్దీ, "వందనాలు" అంది. ఆ మూల నుంచి ఒకరు, ఈ మూల నుంచి ఇద్దరు అందుకున్నారు. చిన్నప్పటి సండే స్కూలు నోటికి ముసుగు కట్టినా పోదు.

"కిందటి క్రిస్మస్ నించీ నేను మిషను ముట్టుకోలేదండీ" అంది అమ్మ. "నాకు కోపం వచ్చింది. కోపమని ఎవరికీ చెప్పలేదు, నడుంనొప్పని చెప్పాను. అది అబద్ధం."

నేను రాసిన బామ్ అంతా గుర్తొచ్చి అమ్మ వైపు గుర్రుగా చూశాను. ఆవిడ నన్ను పట్టించుకోలేదు.

"ఈ రెక్కల గుడ్డ తెల్లదండీ. దేవదూతలకని కొన్నాను. కిందటేడు మా చర్చిలో నన్ను కుట్టమనలేదు. ఇంత వయసొచ్చాక నాతో పనిలేదని అనుకున్నారేమోనని నాకు చాలా బాధేసింది. దాన్ని బీరువాలో పెట్టుకుని ఏడవడం కన్నా, ఎవరో ఒకళ్లకి రెక్కలైతే చాలనుకున్నాను. మా అమ్మాయి వద్దంది. రంగు నేనే వేశాను." నా వైపు తిరిగింది. "చేతులెత్తవే."

ఎత్తాను. రెక్కలు పూర్తిగా తెరుచుకున్నాయి. నేలదాకా ఉన్న అంగీ ఒక్క అంగుళం కూడా పైకి లేవలేదు.

"చూడండి, ఎక్కడా పట్టలేదు. దేవదూతకైనా రాక్షసికైనా చంకలు ఒకటేనండీ. ఇంతవరకూ సాయం చేసిన దేవునికి స్తోత్రం."

"ఆమెన్" అంది హాలు. కత్తులు పట్టుకున్నవాళ్లు, తోకలున్నవాళ్లు, కోరలున్నవాళ్లు అందరూ అన్నారు. నీలం జుట్టు జడ్జి లేచి నిలబడి, మైకు తీసుకుని, "ఆమెన్ ఆంటీ" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నల్లరంగు గడ్డం దాకా కారింది. అమ్మని ఇంత మంది ముందు అంత నిటారుగా నిలబడగా నేనెప్పుడూ చూడలేదు.

ప్రైజు మాకు రాలేదు. అమ్మ భుజం పట్టీ కుట్టిపెట్టిన రోబో కుర్రాడికి వచ్చింది. తిరుగు బస్సులో నేను మూతి ముడుచుకుని కూర్చుంటే అమ్మ పులిహోర పెట్టి, "నా కుట్టు లేకపోతే వాడి చెయ్యి స్టేజీ మీదే ఊడిపోయేది. సగం ప్రైజు మనదేలే" అంది.

ఆ వారం నుంచీ మిషను మీద మళ్లీ దుప్పటి పడలేదు. రోబో కుర్రాడు తన స్నేహితుణ్ణి తీసుకొచ్చాడు. మైలవరం నుంచి ఒకమ్మాయి డ్రాగన్ తోక కావాలని వచ్చింది. అమ్మ ఆ పిల్లని కూడా చేతులెత్తి నిలబడమంది. తోకకి చేతులెందుకో ఆ పిల్లకి అర్థం కాలేదు గానీ ఎత్తింది.

నవంబరు చివర్లో అమ్మ ఆ తోక కుడుతుండగా ఫోను మోగింది. మా పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం. చేతులు ఖాళీ లేక అమ్మ స్పీకరు పెట్టమంది.

"వందనాలమ్మా. క్రిస్మస్ దగ్గరికొచ్చింది. కిందటేడు ఆ అద్దె బట్టలతో ఏమైందో చూశారుగా. యూత్ పిల్లలు మిమ్మల్నే అడగమంటున్నారు, అడగటానికి మొహం చెల్లక నాతో చేయిస్తున్నారు. ఈసారి దేవదూతలకి మీరు కుట్టాలి."

మిషను ఇంకో జానెడు మేర నడిచింది. ఆవిడ కోపం నాకు తెలుసు, నాది అక్కణ్ణించి వచ్చిందే. మిషను ఆగింది.

"తప్పకుండా కుడతానండీ అమ్మగారూ. ఆదివారం పిల్లల్ని కొలతలకి పంపించండి. కాకపోతే తెల్లగుడ్డ మీరే తెప్పించాలి. నా దగ్గరున్నది నల్లబడిపోయింది."

"నల్లబడిందా? అదెలాగమ్మా?"

"అది ఫోనులో చెప్పేది కాదండీ" అంది అమ్మ. "ఆదివారం సాక్ష్యంలో చెప్తాను."