పాడె వెదుళ్లతో కుడి మలుపు

ఎనభై ఆరో సంవత్సరం, కార్తీక మాసం, శనివారం, మధ్యాహ్నం రెండు గంటలు. సారపాకలో మిల్లు సైరన్ మోగి పొద్దుటి షిఫ్టు వదిలిన ఆ నిమిషంలో నేనొక్కణ్ణే రోడ్డు రోడ్డంతా పడగొట్టాను. యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ని, రాతలో మలుపులు తిప్పడం నాకు రాదు. రోడ్డు మీద ఎంత వచ్చో మీరే చూడండి.

ఆ తెల్లవారుజామున మా అక్క మొగుడు వెంకన్న బావ పోయాడు. మిల్లు దారిలో గోనెపట్టా పరుచుకుని సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. దగ్గు పట్టుకుని, ఆ పట్టా చుట్టేసి, వానాకాలమంతా మంచంలోనే ఉన్నాడు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. తొక్కడం ఒక్క పూటలో నేర్పి, తిరగడం నెల రోజులు నేర్పాడు.

"బామ్మర్దీ, నేరుగ గాడిద గూడ పోతది. మలుపుకాడనే మనిషి కావాలె. ముందుగాల ఎనక్కి చూడు. చెయ్యి చూపు. ఎనకొచ్చేటోడు నిన్ను చూసిండా లేదా చూడు. అప్పుడు తిరుగు. ఎనక్కి చూడకుండ తిరిగినవో, నా ఇంటికి రాకు."

ఆ పొద్దున మోయడానికి ముగ్గురమే ఉన్నాం. నేను, పక్కింటి దర్జీ మస్తాన్, మోకాళ్లు పట్టేసిన బావ చిన్నాయన లక్ష్మయ్య. బావ అన్నదమ్ములు ఎర్రుపాలెంలో. కబురంది వాళ్లు వచ్చేసరికి పొద్దు గూకుతుంది. పొద్దు గూకాక శవాన్ని తీయరు.

అక్క ఏడుపు ఆపి అడిగింది. "ముగ్గురితోని పాడె లేస్తదా తమ్మీ?"

నేను తువ్వాలు భుజాన వేసుకుని లేచాను.

"నువ్వు వెదుళ్లు తే. శనివారమాయె, కోడిపిల్లను గూడ తే. నాలుగో మనిషిని దేవుడు తెస్తడు."

శని పీనుగ తోడు లేకుండా పోదంటారు కదా. ఆ తోడు మనిషి కాకూడదని పాడెకు కోడిని కడతాం.

బావ సైకిలే తీశాను. మేదరి వాళ్ల దగ్గర రెండు పచ్చి వెదుళ్లు తీసుకుని, జారకుండా ముందు హ్యాండిల్‌కు, వెనక క్యారియర్‌కు బిగించి కట్టాను. ఏనుగు గుంజినా ఊడని ముళ్లు. కోడిని హ్యాండిల్‌కు వేలాడదీశాను. అక్కణ్ణుంచి మిల్లు కూడలి దాకా రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది. తెలివైన వాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది. నాకు కూడలి దాకా కాలేదు.

కూడలి చేరేసరికి సైరన్ మోగింది. పుట్ట పగిలినట్టు సైకిళ్లు. నా వెనక లారీ. నేను కుడికి తిరగాలి.

బావ చెప్పిందంతా చేశాను. వెనక్కి చూశాను. చెయ్యి చాపాను. లారీ డ్రైవరు చూశాడో లేదో చూశాను. చూశాడు, బ్రేకు వేశాడు. ఎదురొచ్చే సైకిళ్లూ ఆగాయి. నా చేతికి అంత మర్యాద అంతకు ముందు దక్కలేదు, ఆ తర్వాతా దక్కలేదు. 'చూడు బావా' అనుకుంటూ హ్యాండిల్ తిప్పాను.

తిరగలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ముందు ముడి, వెనక ముడి. చెయ్యి కుడికి, మొహం కుడికి, సైకిల్ నేరుగా. పాపం, నాకోసం ఆగిన వాళ్ల మీదికే పోయాను. గట్టిగా గుంజేసరికి కూలబడ్డాను. వెదుళ్లు రైల్వే గేటులా రోడ్డుకు అడ్డం పడ్డాయి. వాటి మీద ఒక సైకిల్, దాని మీద ఇంకొకటి, మధ్యలో టిఫిన్ డబ్బాలు. కోడి తాడు తెంపుకుని లారీ కింద నుంచి జామాయిల్ తోటలోకి పోయింది.

నెరిసిన జుట్టు కార్మికుడొకడు మోచెయ్యి తుడుచుకుంటూ లేచాడు. పేరు సాయిలని తర్వాత తెలిసింది.

"చెయ్యి గట్ల చూపిస్తివి, బండి గిట్ల తెస్తివి. ఏందయ్యా ఇది?"

"హ్యాండిల్ తిరగలే అన్నా."

"కట్టేస్తే ఎట్ల తిరుగుతది? పెండ్లి పందిరికి అంత జల్దీ ఏముంది?"

"పందిరికి గాదన్నా. పాడెకు."

మీదికి రాబోయిన వాళ్లు ఆగారు.

"ఎవలు పోయిండ్రు?"

"మా బావ. పంక్చర్ల ఎంకన్న."

సాయిలు తన సైకిల్ లేపి, వెనక చక్రం మీద చెయ్యి పెట్టాడు. "ఎంకన్న పోయిండా. దీనికి టైరు ఏసింది ఆయనే." తర్వాత అడిగాడు, "ఎత్తనీకి ఎంతమందున్నరు?"

"ముగ్గురం."

ఆయన వంగి ముళ్లు విప్పడం మొదలుపెట్టాడు. "గిన్ని ముళ్లేందయ్యా. దొంగను కట్టేసినవా?" వెదుళ్లను ఎవరో భుజానికెత్తుకున్నారు. మిగతావాళ్లు సైకిళ్లు నడిపించుకుంటూ వెంట వచ్చారు. మా వెనక లారీ చాలాదూరం హారన్ కొట్టకుండా నడిచింది.

అక్క గడపలోనే ఉంది. "కోడేది తమ్మీ?"

"పారిపోయిందక్కా."

నా వెనక సందు నిండా సైకిళ్లు. గీరుకుపోయిన మోకాళ్లతో, మట్టి చొక్కాలతో మనుషులు. అక్క అందరినీ చూసింది.

"పోనీ తియ్. తోడు దొరికిండ్రు."

గోదావరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో హ్యాండిల్‌కు వెదురు కట్టను. రేపు నా పాడెకు వెదుళ్లు తెచ్చేవాడికీ చెప్పి ఉంచాను, భుజాన మోసుకు రమ్మని.

ఆ రోజు ఉన్నవాళ్లు: మా అక్క నర్సమ్మ, మస్తాన్, లక్ష్మయ్య, సాయిలు, వెదుళ్లు మోసిన సోమయ్య, ముందు భుజం పట్టిన యాదగిరి, కుంటుతూనే వచ్చిన జోసెఫ్, పేరడగని లారీ డ్రైవరు, షిఫ్టు దిగి అన్నం తినకుండా వచ్చిన మిల్లు మనుషులు, నేను. పాడె మీద మా వెంకన్న బావ. వెనక్కి చూడందే తిరగొద్దని నెల రోజులు చెప్పిన మనిషి, అంతమంది వెంట వస్తుంటే ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.