జనగణమనకు మోకాలేసిన మా జట్టు

నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు నేను కాలేజీ కబడ్డీ జట్టులో ఉండేదాన్ని. ఉండటమంటే బెంచీ మీదే. రెండేళ్లలో కోర్టులో అడుగు పెట్టింది లేదు. అలాంటి నన్ను దాచేపల్లి టోర్నమెంటులో జట్టు ముందు జెండా పట్టుకుని నిలబడమన్నారు.

నిజానికి జెండా పట్టాల్సింది మా కెప్టెన్. సున్నపురాయి క్వారీలో పనిచేసే కూలీ కూతురు. కూతకు వెళ్లిందంటే ఇద్దరినైనా తాకందే వెనక్కి రాదు. మనిషి నలుపు. టోర్నమెంటు కమిటీ సెక్రటరీ మా వరసను ఒకసారి చూసి, "ఆ పిల్లొద్దమ్మా, ఫొటోలో మొహం పడదు. ఈ తెల్లపిల్లకియ్యండి" అని నన్ను చూపించాడు.

కెప్టెన్ వంగి బూటు లేసు కట్టుకుంది. ఆ లేసు అప్పటికే కట్టి ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నీళ్ల ట్యాంకరు వెనక అందరినీ పోగేశాను.

"అమెరికాలో నల్లజాతి ఆటగాళ్లు, తమ వాళ్లకి జరిగే అన్యాయం మీద, జాతీయగీతమప్పుడు మోకాలేసి కూర్చున్నారు. ఫోన్లో చూశా. మనమూ కూర్చుందాం."

"గీతాన్ని తిట్టినట్టు కాదా ఏందే?" అంది ఒకమ్మాయి.

"గీతాన్ని కాదే, ఆ సెక్రటరీని."

"అయితే ఆయన ఉపన్యాసమప్పుడు కూర్చుందాం."

"అప్పుడు అందరూ కూర్చునే ఉంటారు కదే!"

కెప్టెన్ అడ్డం వచ్చింది. "నేను కూర్చోలేనమ్మా. మొన్న కుడి మోకాలు పట్టేసింది. కూర్చుంటే ఇద్దరొచ్చి లేపాల."

"ఎడమ మోకాలు ఆనించక్కా."

"ఎడమది ఆనిచ్చినా కుడిది వంచాలిగా!"

చివరికి, జెండా పట్టుకుని ఆమె నిలబడాలని, మేం పదకొండు మందిమీ కూర్చోవాలని తేల్చాం. మా కోచ్ మేడమ్ అంతా విని, "నాకేం తెలవదు, నేను ట్యాంకరవతల ఉన్నా" అని నిజంగానే అవతలికి వెళ్లిపోయింది.

గీతం మొదలయ్యే ముందు జెండా కెప్టెన్ చేతికిచ్చాను. మొదటి పదం వినపడగానే అందరం మోకాలేశాం. మాకు వడదెబ్బ తగిలిందనుకుని ఫస్ట్ ఎయిడ్ ఆయన గ్లూకోజు ప్యాకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. సగం దారిలో గీతం సంగతి గుర్తొచ్చి, చేతిలో ప్యాకెట్టుతో అక్కడే అటెన్షన్‌లో నిలబడిపోయాడు. నా మోకాలి కింద కంకరరాయి ఉంది. జాతీయగీతం అంత పొడవని నాకు అప్పటిదాకా తెలియదు.

అయిపోగానే సెక్రటరీ ఊగిపోతూ వచ్చాడు. "జాతీయగీతానికి అవమానం! ఈ జట్టును పంపించెయ్యండి!"

ముఖ్య అతిథి మిలిటరీలో చేసి రిటైరైన పెద్దాయన. నిదానంగా వచ్చి, "ఏందమ్మా సంగతి?" అని అడిగాడు. పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను గానీ, నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. "సార్, అక్క నల్లగుందని జెండా ఇయ్యలేదు సార్" అని మాత్రం అనగలిగాను.

పెద్దాయన మా కెప్టెన్ కంటే ఒక పాలు ఎక్కువే నలుపు. సెక్రటరీ వైపు తిరిగాడు. "మరి నా మొహం పడుద్దంటయ్యా ఫొటోలో?"

"మీరు వేరు సార్..."

"ఎట్టా వేరు?"

పెద్దాయన రెండు తెల్లకాగితాలు తెప్పించాడు. "గీతానికి నిలబడకపోవటం మీ తప్పు, రాయండి. ఆ పిల్లను అంత మాటనటం నీ తప్పయ్యా, నువ్వూ రాయి." మేం ఒక కాగితం మీద వరసగా సంతకాలు పెట్టాం. సెక్రటరీ ఇంకో కాగితం మీద చాలాసేపు రాశాడు. పెద్దాయన దాన్ని కెప్టెన్ చేతికిచ్చాడు.

మాచర్ల జట్టు చేతిలో మొదటి ఆటలోనే ఓడిపోయాం. మధ్యలో కెప్టెన్ మోకాలు మళ్లీ పట్టేయడంతో నన్ను దింపారు. కంగారులో కూత మర్చిపోయి, మౌనంగా వెళ్లి మౌనంగా అవుటై వచ్చాను.

తిరుగు బస్సులో కెప్టెన్ నా పక్కన కూర్చుంది.

"ఏమే, మీరంతా కిందకూర్చుని నన్నొక్కదాన్నే నిలబెడితిరి. జనమంతా నన్నే చూస్తా ఉండిరి."

"కోపమొచ్చిందా అక్కా?"

"చానా. తర్వాత బాగానే ఉందిలే."

బ్యాగులోంచి సెక్రటరీ రాసిన కాగితం తీసి రెండుసార్లు చదివింది. నా పెన్ను అడిగి తీసుకుని, అందులో మూడు అక్షరదోషాలు దిద్ది, మడిచి లోపల పెట్టుకుంది.