చిటపటమ్మ మెట్ల గోడ

అమ్మమ్మకి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. అబద్ధం. అంత కోపానికి ముక్కేం సరిపోతుంది? భుజాల మీంచి మోచేతుల దాకా ఉంటుంది. గోడలకి సున్నపు గచ్చు పూసి, నున్నటి రాయితో రుద్ది అద్దంలా మెరిపించడం ఆమె పని. యాభై ఏళ్లుగా ఆ కోపమంతా గోడల మీదే తీర్చుకుంది కాబట్టి ఇంట్లోవాళ్లు బతికిపోయారు. తాపీ పనివాళ్లు ఆమెని చిటపటమ్మ అంటారు, ఆమె అటు తిరిగాక.

ఆ ఏడు ఆమెకో పాత మేడ పని తగిలింది. రెండిళ్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డ మూడంతస్తుల ఇల్లు, నూరేళ్లు దాటిన కట్టడం. కొనుక్కున్నావిడ పళ్ల డాక్టరు. వీధి వైపు ఇటిక కదపకుండా లోపలంతా కొత్తగా మార్చమంది. వెనక గోడ తీసేసి అద్దం పెట్టారు, వంటగదిని ముందుగదిలో కలిపేశారు, కప్పులో కనపడకుండా దీపాలు దాచారు. మెట్ల పక్క గోడ ఒక్కటే మొండికేసింది. వెనకెప్పుడో దాని మీద ఎవరో సిమెంటు పూశారు. లోపలి చెమ్మకి దారి లేక గోడంతా పొక్కులు పొక్కులుగా రాలుతోంది. సిమెంటు గీకేసి మళ్లీ సున్నమే పూయాలని తేలాక అమ్మమ్మకి కబురొచ్చింది.

సున్నం మూడు నెలలు నానితే గాని రానని ఆమె భీష్మించుకు కూర్చుంది. నానాక తన తమ్ముణ్ణి వెంటబెట్టుకు వెళ్లి పొర మీద పొర వేసింది. చివరి పూత రోజున పొద్దున ఎక్కిన పరంజా పలక మీంచి సాయంత్రం దాకా దిగలేదు. రాయి ఆగిన చోటల్లా గోడకి మచ్చ పడుతుంది మరి. ఆ తర్వాత గోడకి జానెడు దూరంలో తడి గోనెపట్టాలు వేలాడదీసింది. ఆ పూత వారం పాటు నీడలో, తడిగాలిలో, తొందర లేకుండా ఆరాలి. పట్టాలు తడుపుతూ కాపలా ఉండటం తమ్ముడి వంతు.

ఆ తమ్ముడు మర్యాదగా అడిగితే ఒంటి మీది చొక్కా కూడా విప్పిచ్చే రకం. నాలుగో రోజు ఇంటి డిజైనరు వచ్చి ఫోటోలు తీసుకోవాలన్నాడు. గోనెలు అడ్డమనీ, అరగంట పక్కన పెడితే చాలనీ ఎంతో వినయంగా అడిగాడు. తమ్ముడు పట్టాలు తనే విప్పి, మడతలు పెట్టి మరీ అందించాడు. పొయ్యి సెగ కొట్టే దీపాలు రెండు గోడకి ఎదురుగా నిలబెట్టారు. అరగంట కాస్తా చీకటి పడేదాకా సాగింది.

మర్నాడు అమ్మమ్మ వచ్చేసరికి గోడ నిండా వెంట్రుకవాసి బీటలు. అరచేత్తో తడిమింది. గోటితో గీరింది. తమ్ముడి వైపు తిరిగింది. ఆయన అప్పటికే రెండు మెట్లు దిగి ఉన్నాడు. అక్క చెయ్యి ఎంత దూరం అందుతుందో ఆయనకి చిన్నప్పటి లెక్క ఉంది. ఆమె ఆయన పుట్టుక దగ్గర మొదలుపెట్టి వరసగా కడిగిపారేసింది. ఉయ్యాల్లోంచి పడ్డప్పుడు దెబ్బ తగిలింది తలకేనని ఇవాళ రూఢి అయిందంది.

అంతలో డిజైనరు వచ్చాడు. గోడ చూసి మొహం చింకి చేటంత చేసుకున్నాడు.

"ఎంత బావుందండీ మామ్మగారూ. అచ్చం పాతగోడే. దీన్నిలాగే ఉంచేద్దాం. పై అంతస్తులోనూ ఇలా బీటలు తెప్పించగలరా?"

అరిచే అమ్మమ్మని చూసి ఎవరూ భయపడరు. ఆమె అరవడం మానేస్తేనే సందు చూసుకోవాలి. పాపం, అతనికి తెలీదు. ఆమె మాట్లాడకుండా సంచీలోంచి ఉలి, సుత్తి తీసి గోడ నడిమధ్యన మొదటి దెబ్బ వేసింది. పెళ్ల ఊడి అతని బూట్ల మీద పడింది. అతను లబోదిబోమంటూ డాక్టరుకి ఫోను చేశాడు.

ఆవిడ వచ్చేసరికి గోడ సగం నేల మీద ఉంది.

"ఏంటమ్మా ఈ పని? ఆయన బావుందనే కదా అన్నాడు," అంది డాక్టరు.

"మీ దగ్గరికి చీలిన పన్నుతో వస్తారు. చీలిక అందంగా ఉందని వదిలేసి పంపిస్తారా డాక్టరమ్మా?"

"అదీ ఇదీ ఒకటా?"

"రెండేళ్లలో ఇది చేపపొలుసులా లేస్తుంది. అప్పుడు ఎవరు పూశారని అడుగుతారు. దీపాలు పెట్టిందెవరని అడగరు. నా చేతి గోడ ఇలా ఉందని ఒక్కరు అనుకున్నా, ఈ పని మీద నేను బతికిన యాభై ఏళ్లూ ఇక్కడే రాలిపోతాయి."

డాక్టరు రాలిన పెళ్లని వేళ్లతో నలిపి చూసింది. అది పొడైపోయింది. చేతులు దులుపుకుని, మళ్లీ పూయమంది. ఇల్లు చేరడం నెల వెనక్కి పోతుందని డిజైనరు గొణిగితే, పోనీమంది.

అమ్మమ్మకి అంతటితో చల్లారితేనా. మెట్ల గది తలుపు తాళంచెవి తన దగ్గరే ఉండాలంది. రోజూ పొద్దునా సాయంత్రం డిజైనరు చేతే పట్టాలు తడిపించింది. తమ్ముడు పక్కన నిలబడి నీళ్లు ఎక్కడ తగ్గాయో చూపించేవాడు, అతి మర్యాదగా.

పట్టాలు తీసిన రోజున గోడ మీద కిటికీ, రెయిలింగు, డిజైనరు మొహం, మూడూ కనపడ్డాయి. అతను అటూ ఇటూ నడిచి, గోడ మీద చెయ్యి పెట్టి, మరీ కొత్తగా ఉందేమో మామ్మగారూ అని నసిగాడు.

"కొత్తదే కదా బాబూ," అంది అమ్మమ్మ, పళ్లు నూరుతూనే. "పాతబడ్డం దాని పని. అది చూసుకుంటుంది. నువ్వు చెయ్యి తియ్యి."