కల్లుప్పు చల్లిన ఆకాశం

మా ఆయన పేరు యెహెజ్కేలు. అంతర్వేది హార్బర్‌లో బోట్ల మీద పేర్లూ నంబర్లూ రాయడం ముప్పయ్యేళ్లుగా ఆయన పని. మనిషి మంచివాడే గానీ, కోపం వస్తే నెలల తరబడి కడుపులో పెట్టుకుంటాడు. పోయిన వేసవిలో బుల్లియ్య తన బోటు మీద పేరు వంకరగా వచ్చిందని నలుగురిలో నవ్వాడు. అప్పటి నుంచి ఆ బోటు వైపు చూడడం కూడా మానేశాడీ మహానుభావుడు.

నవంబరులో ఫోన్‌లో ఏదో వీడియో చూశాడు. ఎక్కడో మంచు దేశంలో, హార్బర్ మీద ఆకాశమంతా ఆకుపచ్చ వెలుగు తెరలు తెరలుగా కదులుతోంది. ఉత్తర ధ్రువం దగ్గర అలా వస్తుందట. అదే మన హార్బర్ మీద వేస్తానని వాటర్ కలర్స్ కొనుక్కొచ్చాడు. ఆకాశం కింద, మా పేట పన్నెండు బోట్లలో పదకొండింటికి తెల్ల కాగితం వదిలి, ఒక్కోదాని మీదా సన్నగా పేరు రాశాడు. బుల్లియ్య బోటుకు మాత్రం చోటు వదల్లేదు. నేను అడిగితే కుంచె కడుక్కోవడానికి లేచాడు.

తడి రంగు మీద ఉప్పు చల్లితే చుక్కల్లా వస్తాయని ఎవరు చెప్పారో! వంటింట్లో మెత్తటి ఉప్పు ఉండగా, ఎండుచేపలకు వాడే కల్లుప్పు తెచ్చి గుప్పెడు చల్లాడు. ఇక ఆ కాగితం ఆరితే ఒట్టు. సాయంత్రం సముద్రపు గాలి తగలగానే చెమ్మగిల్లి, ఆకుపచ్చ రంగు బోట్ల వైపు వేలెడు జారేది. ఉప్పు గాలికి చెమర్చడం నాకు తెలియనిది కాదు. అయినా ఆ బొమ్మ అంటించిన గోడ వైపు చూడాలంటే భయం వేసేది.

ఇంతలో వాయుగుండం పట్టింది. దొరబాబుదీ బుల్లియ్యదీ తప్ప బోట్లన్నీ తిరిగొచ్చాయి. ఆ సాయంత్రం దొరబాబు భార్య దేవిశ్రీ మా ఇంటికొచ్చి బొమ్మ ముందు ఆగిపోయింది. దొరబాబు బోటు సగం దాకా ఆకుపచ్చలో మునిగి ఉంది.

"అన్నయ్యా, మా బోటు మీంచి అది తీసెయ్యండి" అంది.

"ఈ రంగు తుడిస్తే పోదమ్మా. గీకాలి" అన్నాడాయన. బ్లేడు తీసి, తెలుపు బయటపడేదాకా గీకాడు.

మర్నాడు పొద్దున్నే దొరబాబు హార్బర్‌కు వచ్చేశాడు. ముందురోజు సాయంత్రం దిక్కులన్నీ నాచు రంగులో కలిసిపోయాయట. ఉన్నట్టుండి ఆకాశం చిరిగినట్టు తెల్లటి వెలుగు కనిపిస్తే దానివైపే నడిపాడట.

"బుల్లియ్య మా పక్కనే ఉన్నాడండి. 'వెలుగేంటి, ఎక్కడ?' అంటానే ఉన్నాడు వైర్‌లెస్‌లో. ఆడికి కనపళ్లేదు."

మా ఆయన తిన్నగా ఇంటికొచ్చి, బొమ్మలో బుల్లియ్య బోటు ఉండాల్సిన చోట గీకడం మొదలుపెట్టాడు. మూడు రోజులైంది. కాగితం చిరిగిపోయింది, ఇప్పుడు వెనక గోడను గీకుతున్నాడు.

"హెలెన్, తెల్లగా వచ్చిందా?" అని అడుగుతాడు.

వచ్చిందండీ అంటాను. బుల్లియ్య ఇంకా రాలేదు.