సెల్ఫ్ లేని కారు

పినపాక దగ్గరి తండాలో బాబూరావు కొన్న పాత కారుకు సెల్ఫ్ మోటరు పనిచేయదు. పల్లంలో దొర్లితేనే స్టార్టవుతుంది. అందుచేత ఆయన వెళ్లే సరుకుల కొట్టు, క్షవరశాల పల్లం చూసి ఎంచుకున్నవే, చివరికి స్నేహితులు కూడా. కారు ఆపగానే టైరు కింద రాయి పెట్టి, బానెట్‌ను భక్తిగా తాకుతాడు. సొంత వాకిలి మాత్రం చదును. అక్కడ భార్య ద్వాలి నెట్టాల్సిందే. మోటరుకని దాచిన డబ్బు ఒకసారి గ్యాసుబండకు, మరోసారి పిల్ల జ్వరానికి పోయింది. మళ్లీ కూడబెట్టి మెకానిక్ దగ్గరికి బయల్దేరిన రోజే, నెడుతుండగా ద్వాలి చెప్పు తెగింది. ఆమె మోకాళ్ల మీద పడింది. దవాఖానాలో ఎక్స్‌రేకు, మందులకు పోగా మిగిలిన డబ్బుతో బాబూరావు ఆమెకు మంచి చెప్పులు కొన్నాడు.

"మోటరు పైసలతోని చెప్పులేందయ్యా?"

"నూకేటోళ్లకు పట్టు ఉండాలె గదా. ఇది బండి ఖర్చే, ఇంటి ఖర్చు గాదు."

"అవ్, నేను నీ బండి సామాన్నా?"

"సామానెట్లయితవ్? ఇంజనువు!"

ద్వాలి నవ్వు ఆపుకుంది. మోకాలు మానాక మళ్లీ కారు వెనక నిలబడింది. కొత్త చెప్పులు అరుగుతాయని విప్పి, వెనక సీట్లో జాగ్రత్తగా పెట్టి, వట్టి కాళ్లతో నెట్టింది.